మేత తిన్నా చేపపిల్ల ఎదగడం లేదా?

చెరువులో చేపలు వెల్లకిలా తేలితే ఊరంతా కట్ట మీదికొస్తుంది. 2017 అక్టోబరులో సంగారెడ్డి జిల్లా గండిగూడెం చెరువులో పెద్ద ఎత్తున చేపలు చచ్చినప్పుడు అందరికీ తెలిసింది. కానీ చంపకుండానే నష్టం చేసే విషాలూ ఉన్నాయి. పిల్ల బతికే ఉంటుంది, తవుడూ చెక్కా తింటూనే ఉంటుంది, బరువు మాత్రం పెరగదు. జీడిమెట్ల, మేడ్చల్, శామీర్‌పేట వైపు చెరువుల్లో చేపలు పెంచే రైతులు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఈ మందులు ఎక్కడివి?

టీవీలు, కంప్యూటర్లు, వైర్లు, సోఫా స్పాంజి తొందరగా అంటుకోకుండా తయారీలోనే కొన్ని రసాయనాలు కలుపుతారు. వీటిలో పీబీడీఈలు ముఖ్యమైనవి. స్టాక్‌హోం ఒప్పందం కింద 2009లో కొన్నింటిని, 2017లో డెకా రకాన్ని హానికర జాబితాలో చేర్చారు. మన దేశంలోనూ 2018 నిబంధనలతో కొన్నింటిని నిషేధించారు. అయినా పాత సామానులో అవి అలాగే ఉన్నాయి. ఆ సామాను పగలగొట్టినా, కాల్చినా దుమ్ము, బూడిదతో బయటపడతాయి.

జీడిమెట్లలో ఫ్యాక్టరీల మురుగును శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం 1989లో మొదలైంది. అయితే అలాంటి కేంద్రానికి చేరేది ఫ్యాక్టరీలు పంపిన మురుగే. రోడ్డు మీది దుమ్ము, స్క్రాపు కాల్చిన బూడిద వాననీటితో నేరుగా చెరువులో పడతాయి. ఈ మందులు నీళ్లలో దాదాపు కరగవు. అడుగు మట్టినీ, చేప కొవ్వునూ పట్టుకుని ఏళ్ల తరబడి ఉంటాయి.

పిల్లకు ఏమవుతుంది?

గుడ్డు పగిలి వచ్చిన పిల్ల మొదటి రెండు మూడు రోజులు సొన సంచి మీదే బతుకుతుంది. సొన కరిగి కండగా మారాలన్నా, తర్వాత మేత ఒంటబట్టాలన్నా థైరాయిడ్ హార్మోన్ సరిగా ఉండాలి. పీబీడీఈల రూపు ఈ హార్మోన్‌ను పోలి ఉంటుంది. అందుకే ఒంట్లో దాని చోటు ఇవి ఆక్రమిస్తాయి. జీబ్రా చేపపిల్లల మీద చేసిన ప్రయోగాల్లో హార్మోన్ తగ్గినట్లు తేలింది. తల్లి చేప నుంచి గుడ్డులోకి కూడా ఇవి దిగుతాయి. బంగారుతీగ, మ్రిగాల అడుగు మట్టిని కెలికి తింటాయి కాబట్టి వాటికి ముప్పు ఎక్కువ.

చావకుండానే ఎదుగుదల ఆగుతుందనడానికి మన పక్కనే రుజువుంది. పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధి చేశాక వచ్చిన నీటిని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2009లో ఫలితాలు ప్రకటించారు. వెయ్యి లీటర్లకు రెండు లీటర్లు కలిపిన నీటిలో కూడా కప్పపిల్లల ఎదుగుదల 40 శాతం తగ్గింది. అక్కడి రసాయనాలు వేరు, పాఠం ఒక్కటే.

రైతులు చేయాల్సినవి

1. నెలకోసారి విసురు వలతో 20, 25 చేపలు పట్టి తూచి రాసుకోండి. మంచి చెరువులో బొచ్చె, రవ్వ ఏడాదికి ముప్పావు కిలో నుంచి కిలో తూగాలి.

2. తూకం తగ్గితే ముందు మామూలు కారణాలు చూడండి. పిల్లల్ని ఎక్కువగా వదిలారా? మేత చాలడం లేదా? తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే అది ఆక్సిజన్ కొరత.

3. కొత్త పిల్లల్ని వదిలేముందు 20 పిల్లల్ని హాపా వలలో రెండు రోజులు ఉంచండి. చస్తే ఆ నీళ్లలో మిగతావి వదలొద్దు. బతికితే వెంటనే చంపే విషం లేదనే అర్థం, నెమ్మది విషం లేదని కాదు.

4. కట్ట మీద వైర్లు, పాత టీవీలు కాల్చనివ్వొద్దు. తొలకరి మొదటి వరదను వీలైతే పక్కకు మళ్లించండి.

5. ఫ్యాక్టరీల నీళ్లు పడే చెరువు పూడిక మట్టిని పరీక్ష చేయించకుండా పొలానికి తోలొద్దు.

6. అనుమానం వస్తే గాజు సీసాను చెరువు నీళ్లతోనే మూడుసార్లు కడిగి, నిండా నింపి, తేదీ, సమయం రాయండి. మత్స్యశాఖకూ, కాలుష్య నియంత్రణ మండలికీ సంఘం తరఫున రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి రసీదు తీసుకోండి.

ఇక వంట సంగతి. ఉడికించినంత మాత్రాన ఈ మందులు విరిగిపోవు. చర్మం, పొట్ట కొవ్వు తీసేస్తే కొంత తగ్గుతాయి.

పిల్ల బతికిందా అని చూస్తే చాలదు, పెరిగిందా అని తూచి చూడాలి. ఆ లెక్క పుస్తకంలో ఉంటేనే రేపు నష్టం అడగడానికి మీ దగ్గర ఆధారం ఉంటుంది.