ముందు పీఠం, తర్వాతే విగ్రహం

ఆళ్లగడ్డ శిల్పశాలలకు వచ్చేవాళ్లు ముందు విగ్రహం ముఖం చూస్తారు, తర్వాత చేతులు, నగలు. కింద పీఠాన్ని చూసేవాళ్లు తక్కువ. మా పెద్దలు మాత్రం ఎవరి పనైనా సరే పాదాల దగ్గర నుంచే చూడడం మొదలుపెట్టేవాళ్లు. ఇప్పుడు ఉలి పట్టే పిల్లలకు మంచి పరికరాలు, మంచి చేయి ఉన్నాయి. పీఠం విషయం చెప్పేవాళ్లే తగ్గారు. అందుకే ఈ నాలుగు మాటలు.

1. పీఠం కొలత తేలకుండా రాయి మీద ఉలి పెట్టొద్దు. “మూడడుగుల ఆంజనేయస్వామి కావాలి” అని ఫోన్ చేస్తారు. మూడడుగులు పీఠంతో కలిపా, పీఠం కాకుండానా? గర్భగుడి ద్వారం వెడల్పెంత? లోపల దీపం ఎక్కడ పెడతారు? ఇవన్నీ అడ్వాన్సు తీసుకునేటప్పుడే అడిగి కాగితం మీద రాయించుకోవాలి. గుడి కట్టేశాక ద్వారం పెరగదు.

2. రాయిని మోగించి చూడండి. శాస్త్రం రాయిని మూడు రకాలుగా చెబుతుంది. గంటలా మోగేది పుంశిల, అది విగ్రహానికి. తాళంలా మోగేది స్త్రీశిల, అది పీఠానికి. మోగనిది నపుంసకశిల, అది అడుగున పరిచే పాదశిలకు. రాయికి ఆడా మగా ఏమిటని ఈ కాలం పిల్లలు అడుగుతారు. అడగనివ్వండి, కానీ మోగించడం మాత్రం మానొద్దు. రాయి నేలకు ఆనకుండా కింద రెండు చెక్కలు పెట్టి, చిన్న సుత్తితో మూలమూలనా తట్టండి. ఒకచోట గణగణమని, పక్కనే మొద్దుగా పలికితే లోపల నెర్రె ఉన్నట్టు అనుమానించాలి. అప్పుడు రాయంతా నీళ్లు పోసి నీడలో ఆరనివ్వండి. చుట్టూ తెల్లబడ్డాక కూడా వెంట్రుకంత సన్నటి గీత ఒకటి నల్లగా మిగిలిపోతే, అదే నెర్రె. విగ్రహం బరువంతా మోసేది పీఠం. దానికి అలాంటి రాయి పనికిరాదు.

3. బేతంచెర్ల బండ మన జిల్లా సొత్తు, దాని మీద నాకు ప్రేమే. ఇంటి నేలకు, అరుగుకు, బల్ల మీద పెట్టుకునే చిన్న బొమ్మల పీఠాలకు అది చక్కని రాయి. అయితే అది పొరలు పొరలుగా ఏర్పడిన సున్నపురాయి. గనిలో ఎలా పడుకుందో పీఠంలోనూ అలాగే పడుకోబెట్టాలి. నిలువుగా పెడితే నీళ్లు పొరల మధ్యకు దిగి పెచ్చులు లేస్తాయి. రెండోది, సున్నపురాయికి పులుపు పడదు. పెరుగు, నిమ్మరసం పడ్డచోటల్లా నునుపు పోయి మచ్చ కడుతుంది. రోజూ అభిషేకం జరిగే పీఠానికి ఖర్చయినా నల్లరాయే వాడాలని గుడివాళ్లకు నచ్చజెప్పండి.

4. బరువు లెక్క నోటికి రావాలి. ఘనపుటడుగు నల్లరాయి కనీసం 76 కిలోలు తూగుతుంది. రెండడుగుల చదరం, తొమ్మిది అంగుళాల మందం ఉన్న పీఠం ఒక్కటే దాదాపు 230 కిలోలు. కూర్చున్న విగ్రహానికి పెద్ద చిక్కు లేదు. ఒంటికాలి మీద ఆడే నటరాజుకు, చేయెత్తి నిలబడ్డ విగ్రహానికే జాగ్రత్త. బరువు ఎటు ఎక్కువుందో చూసుకుని తూకపు గుండు వేలాడదీయండి. అది పీఠం అంచు దగ్గర పడుతుంటే పీఠం వెడల్పు పెంచాలి, లేదా భంగిమ మార్చాలి. సిమెంటు పట్టుకుంటుందిలే అనే ధీమా ప్రమాదం.

5. శివలింగంలో మనకు కనబడేది పైనున్న గుండ్రటి రుద్రభాగమే. ఎనిమిది పలకల విష్ణుభాగం పీఠంలో, నాలుగు పలకల బ్రహ్మభాగం అడుగున ఉంటాయి. కనబడదని ఆ రెండు భాగాల్లో పలకలు సరిగా తీయకపోతే లింగం కుదురుగా నిలవదు. నవనందుల ప్రాంతంలో పుట్టినవాళ్లం, ఇది మనకు ఒకరు చెప్పాల్సిన పని కాదు.

6. పూజావిగ్రహాన్ని పీఠంలో కూర్చోబెట్టేది అష్టబంధనం. లక్క, మైనం వంటివి కలిపి దంచిన ఆ ముద్ద కాలం గడిచేకొద్దీ ఎండి బీటలిస్తుంది. అందుకే పన్నెండేళ్లకోసారి మళ్లీ వేస్తారు. తిరుమలలో 2018 ఆగస్టులో జరిగిన మహాసంప్రోక్షణ అలాంటిదే. కూడలిలో నిలబెట్టే నాయకుల విగ్రహాలకు ఇది వర్తించదు. అక్కడ లోపల కడ్డీ వేయక తప్పదు. ఆ కడ్డీ మాత్రం తుప్పు పట్టని స్టీలుదై ఉండాలి. మామూలు ఇనుము తుప్పుపట్టి ఉబ్బితే రాయిని లోపలి నుంచే చీలుస్తుంది.

7. నంద్యాలలో చదువుకునే మా చెల్లెలి మనవడు ఓసారి అరచేతిలో పట్టే చిన్న ఓడలు తెచ్చి, “తాతా, వీటికి పీఠాలు చేసిపెట్టవా?” అన్నాడు. బల్ల మీద సముద్ర యుద్ధం ఆడే ఆట అది. 1898లోనే ఫ్రెడ్ జేన్ అనే ఇంగ్లండు ఆయన ఇలాంటి ఆటకు నియమాలు అచ్చేశాడట. 262 మీటర్ల మన విక్రాంత్ నౌక 2400వ వంతు కొలతలో దాదాపు 11 సెంటీమీటర్లకు వస్తుంది. దానికి రాయి వద్దన్నాను. మూడు మిల్లీమీటర్ల రాతి పలక ఒక్క దెబ్బకు విరుగుతుంది, బల్లనూ గీరుతుంది. ప్లైవుడ్డో, అక్రిలిక్ పలకో కోయించుకోమన్నాను. ఓడ ముందూ వెనకా కాస్త మిగలాలి. అప్పుడే వేళ్లు పీఠాన్ని పట్టుకుంటాయి, ఓడ స్తంభాలు విరగవు. ఒకే తరగతి ఓడలన్నిటికీ ఒకే కొలత పీఠం ఉండాలి, లేకపోతే దూరం కొలిచేటప్పుడు తగువు. పేరు వెనక అంచు మీద రాస్తే ఆడేవాడికి కనబడుతుంది, సముద్రం రంగు చెడదు. వాడు నీలం మీద తెల్లటి నురగ గీతలు వేసి చూపించాడు. ఓడ కదులుతున్నట్టే ఉంది. పని చిన్నదైనా వాడు పీఠం గురించి అడిగాడు, అది నాకెంతో నచ్చింది.

8. పద్మపీఠం అన్నిటికీ నప్పదు. ఉగ్రనరసింహుడి కింద సన్నటి రేకులు చెక్కితే చూపు రేకుల మీదికే పోతుంది. అహోబిలం దారిలో ఉన్నవాళ్లం, ఆ స్వామికి ఎలాంటి ఆసనం కావాలో మనకు తెలియాలి. జగతి, కుముదం, కంఠం, పట్టిక అనే పీఠపు వరుసలు లెక్క తప్పకుండా తీసి, మిగతాది సాదాగా వదిలేయండి.

9. యాగంటి బసవన్న పెరుగుతున్నాడని, ఒకప్పుడు చుట్టూ ప్రదక్షిణ చేసేవాళ్లమని పెద్దలు చెబుతారు. మన విగ్రహాలు పెరగకపోయినా చుట్టూ చోటు వదలాలి. కడిగే చెయ్యి వెనక్కి వెళ్లకపోతే అక్కడ పాచి పడుతుంది.

10. లారీ ఎక్కించేటప్పుడు పీఠాన్ని, విగ్రహాన్ని విడివిడిగా కట్టండి. పై అంచులను ముందే కాస్త మొండిచేస్తే తాడు ఒరుసుకున్నా పెచ్చు ఊడదు. ముందువైపు ఏదో తెలిసేలా పీఠం అడుగున సుద్దతో కాదు, ఉలితో గుర్తు పెట్టండి. అక్కడ దించుకునేవాళ్లలో మనవాళ్లు ఉండరు.