ఏది ముందైతే అది: హెలికాప్టర్ విడిభాగాల గడువులు చూసే ఉద్యోగులకు కొన్ని సలహాలు

హైదరాబాద్‌లోని మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ఆఫీసుల్లో ఏరోస్పేస్ ప్రాజెక్టుల మీద పనిచేసే తెలుగు యువత చాలామందే ఉన్నారు. కొందరు మెయింటెనెన్స్ మాన్యువల్ సవరిస్తారు. కొందరు పార్టుల కేటలాగ్ చూస్తారు. ఇంకొందరు మెయింటెనెన్స్ సాఫ్ట్‌వేర్‌కు కోడ్ రాస్తారు, లేదా పాత రికార్డులను కొత్త డేటాబేస్‌లోకి ఎక్కిస్తారు. బ్యాంకింగ్ ప్రాజెక్టు నుంచి నేరుగా ఇటు మారినవాళ్లకు ఇదీ మరో డొమైనే అనిపిస్తుంది. కానీ ఎక్కడో ఒక హ్యాంగర్‌లో మెకానిక్ ఏ బోల్టు ఎప్పుడు విప్పాలో చెప్పేది మీరు డేటాబేస్‌లో నింపిన గడే. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు మొదటి నెలలోనే తెలుసుకోవాల్సిన విషయాలు ఇక్కడ చెబుతున్నాను.

బులెటిన్, డైరెక్టివ్ ఒకటి కావు

ఒక భాగంలో లోపం బయటపడితే తయారీ కంపెనీ సాధారణంగా ముందు సర్వీస్ బులెటిన్ ఇస్తుంది. ఫలానా సీరియల్ నంబర్ల హెలికాప్టర్లలో ఫలానా భాగాన్ని ఇన్ని గంటల్లోపు మార్చాలని అందులో ఉంటుంది. దాన్ని చట్టపరంగా తప్పనిసరి చేసేది విమానయాన నియంత్రణ సంస్థ ఇచ్చే ఎయిర్‌వర్దినెస్ డైరెక్టివ్. అమెరికాలో ఎఫ్ఏఏ, ఐరోపాలో ఈఏఎస్ఏ, మన దేశంలో డీజీసీఏ ఆ పని చూస్తాయి. డైరెక్టివ్ గడువు దాటిన హెలికాప్టర్ ఎగరడానికి వీల్లేదు.

ఇవి కాక మూడోది ఒకటుంది. తిరిగే భాగాలు కొన్నిటికి డిజైన్‌లోనే ఆయుష్షు రాసి ఉంటుంది. రోటర్ బ్లేడు, హబ్, షాఫ్ట్ లాంటివి పైకి ఎంత బాగా కనిపించినా ఆ గంటలు నిండగానే తీసేయాలి. లోహం లోపల అలసట కంటికి కనబడదు కాబట్టే ఈ నియమం. అధ్యాయాల నంబర్లకు పరిశ్రమ వాడే ఏటీఏ పద్ధతిలో రాసిన మాన్యువల్‌లో ఈ పరిమితులు 4వ అధ్యాయంలో, తనిఖీల కాలపరిమితులు 5వ అధ్యాయంలో ఉంటాయి. కొత్త ప్రాజెక్టులో చేరగానే ఈ రెండు అధ్యాయాలూ పూర్తిగా చదవండి. మీరు తాకే ఫీల్డుల్లో ప్రాణాలతో నేరుగా ముడిపడినవి ఏవో అప్పుడు తెలుస్తుంది.

కాగితం వచ్చింది, పని జరగలేదు

రాబిన్సన్ ఆర్44 ప్రపంచంలో బాగా అమ్ముడైన తేలికపాటి హెలికాప్టర్లలో ఒకటి. దాని పాత అల్యూమినియం ఇంధన ట్యాంకులు చిన్న ప్రమాదంలోనూ చిట్లి మంటలు లేవవచ్చని, లోపల రబ్బరు సంచి ఉండే ట్యాంకులు బిగించుకోమని కంపెనీ 2010 డిసెంబర్‌లో ఎస్‌బీ-78 బులెటిన్ ఇచ్చింది. గడువు 2014 డిసెంబర్ 31. తర్వాత వచ్చిన 78ఏ ఆ గడువును 2013 డిసెంబర్ 31కి, 2012 సెప్టెంబర్‌లో వచ్చిన 78బీ ఏకంగా 2013 ఏప్రిల్ 30కి ముందుకు జరిపాయి. ఆ చివరి గడువుకు ఇంకా నెలకు పైగా ఉండగా, 2013 మార్చి 21న ఆస్ట్రేలియాలోని బుల్లీ టాప్స్ దగ్గర పాత ట్యాంకులున్న ఒక ఆర్44 కూలి మంటల్లో చిక్కుకుంది. నలుగురు చనిపోయారు. ఆ తర్వాతే అక్కడి నియంత్రణ సంస్థ ట్యాంకుల మార్పిడిని తప్పనిసరి చేసింది.

పెద్ద హెలికాప్టర్లలోనూ ఇదే జరిగింది. సికోర్‌స్కీ ఎస్-92 గేర్‌బాక్స్‌లో ఆయిల్ ఫిల్టర్‌ను పట్టి ఉంచే టైటానియం స్టడ్‌లను తీసి ఉక్కువి వేయమని 2009 జనవరిలో కంపెనీ హెచ్చరిక బులెటిన్ ఇచ్చింది. 1,250 గంటలు లేదా ఏడాది వ్యవధి పెట్టింది. మార్చి 12న కెనడా తూర్పు తీరంలో చమురు బావుల సిబ్బందిని తీసుకెళుతున్న ఎస్-92లో ఆ స్టడ్‌లే విరిగి, ఆయిల్ అంతా కారిపోయి, హెలికాప్టర్ సముద్రంలో పడింది. 18 మందిలో ఒక్కరే బతికారు. ఎఫ్ఏఏ అత్యవసర డైరెక్టివ్ మార్చి 23న వచ్చింది.

రెండు ఘటనల్లోనూ గడువు ఇంకా మిగిలే ఉంది. అందుకే గడువును చివరి గీతగా చూడాలి. అప్పటిదాకా ఆగవచ్చని ఇచ్చిన అనుమతిగా చూడకూడదు. మీరు తయారుచేసే స్క్రీన్ మీద ‘ఇంకా 300 రోజులు’ అని పచ్చరంగులో చూపిస్తే ఆపరేటర్ నిశ్చింతగా ఉంటాడు. ‘భాగం ఇంకా మార్చలేదు’ అని చూపిస్తే వర్క్‌షాప్‌కు ఫోన్ చేస్తాడు. డిజైన్ మీటింగులో ఈ తేడా గురించి మాట్లాడాల్సింది మీరే.

లెక్క తప్పే చోట్లు

*ఆయుష్షు భాగానిది.* ఒక హెలికాప్టర్ నుంచి తీసిన బ్లేడును మరోదానికి బిగిస్తే, బ్లేడు తిరిగిన గంటలు బ్లేడుతోనే వెళ్లాలి. రికార్డును రిజిస్ట్రేషన్ నంబరుకు కడితే ఆ చరిత్ర అక్కడే తెగిపోతుంది. పార్ట్ నంబర్, సీరియల్ నంబర్ కలిపి గుర్తింపుగా పెట్టండి.

*రెండు గడియారాలు.* ఆర్44ను 2,200 గంటలకు లేదా 12 ఏళ్లకు, ఏది ముందైతే అప్పుడు ఓవర్‌హాల్ చేయాలి. ఏడాదికి 100 గంటలు మాత్రమే ఎగిరే హెలికాప్టర్ 12 ఏళ్లలో 1,200 గంటలే తిరుగుతుంది. మీ కోడ్ గంటలు మాత్రమే చూస్తే ఇంకా 1,000 గంటలు మిగిలాయని చూపిస్తుంది. నిజానికి గడువు ఆరోజే అయిపోయింది. టెస్ట్ కేసుల్లో తక్కువ ఎగిరే హెలికాప్టర్ ఒకటి తప్పకుండా ఉండాలి.

*రివిజన్ అక్షరం.* ఎస్‌బీ-78 దగ్గరే ఆగిపోయిన డేటాబేస్, 78బీ ప్రకారం అయిపోయిన గడువును మరో 20 నెలలు సజీవంగా చూపిస్తుంది. బులెటిన్ నంబర్ ఒక ఫీల్డు, రివిజన్ మరో ఫీల్డు కావాలి. కొత్త రివిజన్ వచ్చిన రోజే పాతదాని ఆధారంగా వేసిన గడువులన్నీ మళ్లీ లెక్కపడాలి.

*సీరియల్ నంబర్ల పరిధి.* ‘ఫలానా నంబర్ నుంచి ఫలానా నంబర్ వరకు’ అంటే చివరి నంబర్ కూడా లోపలిదే. పరిధి మొదటి నంబర్, చివరి నంబర్, వాటికి అటూ ఇటూ ఉన్న నంబర్లతో పరీక్షించండి.

*ఎక్సెల్ చేసే మార్పులు.* 0427 అన్న సీరియల్ నంబర్‌ను ఎక్సెల్ 427 చేసేస్తుంది. దాంతో ఆ భాగం ఏ పరిధిలోకీ రాకుండా పోవచ్చు. 04/05 అంటే అమెరికాలో ఏప్రిల్ 5, మనకు మే 4. సీరియల్ నంబర్లను టెక్స్ట్‌గానే దిగుమతి చేయండి, నెలను అక్షరాల్లో రాయించండి. గంటా 30 నిమిషాలంటే 1.5 గంటలు. దాన్ని 1.30 అని ఎక్కిస్తే అలాంటి ప్రతి ప్రయాణంలోనూ 12 నిమిషాలు మాయమవుతాయి.

*ఖాళీ గడి.* పాత రికార్డులో గంటలు రాసి లేకపోతే సాఫ్ట్‌వేర్ దాన్ని సున్నాగా తీసుకునే ప్రమాదం ఉంది. సున్నా గంటలంటే కొత్త భాగమని అర్థం. చరిత్ర తెలియని భాగాన్ని వాడదగినదిగా చూపనే కూడదు.

*తనిఖీ, మార్పిడి.* కొన్ని డైరెక్టివ్‌లు ముందు నిర్ణీత గంటలకోసారి తనిఖీ చేయమంటాయి, భాగం మార్చాక ఆ తనిఖీలు ఆపవచ్చంటాయి. ఒక్కసారి తనిఖీ జరగ్గానే ‘పూర్తయింది’ అని మూసేస్తే తర్వాతి తనిఖీ ఎవరికీ గుర్తు రాదు. తనిఖీకి ఒక స్థితి, మార్పిడికి వేరే స్థితి పెట్టండి.

మాన్యువల్ రాసేవాళ్లకు

2009 సెప్టెంబర్ 2న బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన బెల్ 430 హెలికాప్టర్ నల్లమలలో కూలి, అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి సహా ఐదుగురు మరణించారు. ఆర్.కె. త్యాగి నాయకత్వంలోని విచారణ కమిటీ, బలమైన కిందిగాలిలో చిక్కి అదుపు తప్పడమే ప్రమాదానికి కారణమని తేల్చింది. దానికి తోడైన అంశాల్లో ఒకటి మాన్యువల్ రాసే ప్రతి ఒక్కరూ గుర్తుపెట్టుకోవాలి. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ వ్యవస్థలో వచ్చిన సమస్యకు ఏం చేయాలో వెతకడంలోనే పైలట్లు ఆరు నిమిషాలకు పైగా మునిగిపోయారు.

మేఘాల మధ్య ఆరు నిమిషాలంటే చాలా ఎక్కువ. కాబట్టి మీరు రాసిన పేజీని మొదటిసారి చూసే సహోద్యోగికి ఇచ్చి, ‘ఈ హెచ్చరిక దీపం వెలిగింది, ఏం చేయాలో చూపించు’ అని అడగండి. అతను తడబడిన చోటే మీ ఇండెక్స్ మార్చాలి. కాక్‌పిట్‌లో కనిపించే పేరే ఇండెక్స్‌లోనూ ఉండాలి. ఒక వాక్యంలో ఒకే పని చెప్పండి. ఈ రంగంలో వాడే సరళ ఇంగ్లిష్ ప్రమాణం ఎస్‌టీఈ-100 ప్రకారం పని చెప్పే వాక్యం 20 పదాలు దాటకూడదు, ఒక మాటకు ఒకే అర్థం ఉండాలి. క్లయింటు అడగకపోయినా ఈ నియమాలు పాటించండి.

డెలివరీ రోజు

శుక్రవారం డెలివరీ, గురువారం సాయంత్రం అనుమానం. ఈ పరిస్థితి ఈ పనిలో ఉన్న ప్రతి ఒక్కరికీ వస్తుంది. ‘ఏదో తేడాగా ఉంది సార్’ అంటే ఎవరూ ఆగరు. ఎన్ని రికార్డులు, ఏ భాగం, తప్పయితే ఏమవుతుంది, మీరు ఏం అడుగుతున్నారు, ఈ నాలుగూ మెయిల్‌లో రాయండి. ఉదాహరణకు: ‘ఈ బ్యాచ్‌లో 17 టెయిల్ రోటర్ బ్లేడ్లకు గంటలు లేవు. ఇలాగే ఎక్కిస్తే కొత్తవిగా కనిపిస్తాయి. వీటిని ఆపి మిగతావి పంపుదాం. లాగ్‌బుక్ కాపీలు పంపమని క్లయింటును అడుగుదాం.’ ఇలా రాస్తే మేనేజర్ కూడా పైవాళ్లకు ధైర్యంగా చెప్పగలుగుతారు. తప్పు ఇప్పటికే వెళ్లిపోయిందని తెలిస్తే అదే రోజు చెప్పండి. హెలికాప్టర్ మర్నాడు ఉదయమే ఎగరవచ్చు. మేనేజర్లకూ ఒక మాట: అలా చెప్పినవాళ్లను మీటింగులో నిలదీస్తే, తర్వాతి తప్పు మీ దాకా రాదు.

ఈ రంగంలో నిలబడాలంటే

కోడింగ్ ఒక్కటే వస్తే మీ స్థానంలో మరొకరు సులువుగా వస్తారు. మాన్యువల్ రంగంలో ఉన్నవాళ్లు సాంకేతిక పత్రాల ప్రమాణం ఎస్1000డీ, ఎస్‌టీఈ-100 నేర్చుకోండి. సాఫ్ట్‌వేర్ వైపు ఉన్నవాళ్లు డీజీసీఏ నిబంధనల్లో సీఏఆర్-ఎం, సీఏఆర్-145 చదవండి. మొదటిది ఎగిరే యోగ్యతను నిలబెట్టడం గురించి, రెండోది మరమ్మతు సంస్థల గురించి. ఎఫ్ఏఏ, ఈఏఎస్ఏ డైరెక్టివ్‌లు వాటి సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. వారానికి ఒకటి చదివి, అది ఎవరికి వర్తిస్తుంది, ఏం చేయాలి, ఎప్పటిలోగా అన్న మూడు ప్రశ్నలకు సొంత మాటల్లో జవాబు రాసుకోండి. ఇంటర్వ్యూలో ఇదే మిమ్మల్ని వేరుగా నిలబెడుతుంది.

చేతులతో పని చేయాలనుకునేవాళ్లది ఏఎంఈ (విమాన నిర్వహణ ఇంజనీర్) లైసెన్స్ దారి. అందులో టర్బైన్ హెలికాప్టర్లకు బీ1.3, పిస్టన్ హెలికాప్టర్లకు బీ1.4 విభాగాలు ఉన్నాయి. డెస్క్ పనిలోనే ఉండేవాళ్లు కూడా వీలైతే శంషాబాద్‌లోని నిర్వహణ కేంద్రాల వంటి చోటికి బృందాన్ని తీసుకెళ్లమని మేనేజర్‌ను అడగండి. మీ స్క్రీన్ మీది సమాచారాన్ని మెకానిక్ ఎలా వాడుకుంటున్నారో ఒక్కరోజు చూస్తే, ఏ ఫీల్డు పెద్దగా కనిపించాలో, ఏ హెచ్చరిక ముందు రావాలో మీకే తెలుస్తుంది.

రేపు ఆఫీసుకు వెళ్లగానే ఒక పని చేయండి. మీ చేతిలో ఉన్న డేటాలో గడువున్న భాగాలను వేరుచేసి, ఖాళీ గడులు ఎన్ని, పాత రివిజన్ మీద నడుస్తున్నవి ఎన్ని అని లెక్క తీయండి. ఆ జాబితాను మీ లీడ్‌కు పంపండి. ప్రతి అంశానికీ బాధ్యుడి పేరు, తేదీ పడేదాకా అడుగుతూనే ఉండండి.