ఎర్ర మందు ఎక్కడికి పోతుంది?

మా చిన్నమ్మ ఇరవై ఒక్క రోజులకొకసారి ఊరి నుంచి బస్సెక్కి ఎల్.బి.నగర్‌లో దిగేది. నేను ఎదురుపోయి దిల్‌సుఖ్‌నగర్‌లోని నా గదికి తీసుకొచ్చేవాణ్ణి. మర్నాడు ఆసుపత్రిలో రొమ్ము క్యాన్సర్‌కు నరం ద్వారా ఎర్రటి మందు ఎక్కించేవారు. పేరు డాక్సోరుబిసిన్. రెండో విడతకే జుట్టంతా రాలింది. "రోగం ఒక్కతాన ఉంటే మందు ఒళ్ళంతా ఎందుకు తిరుగుతది బిడ్డా?" అని అడిగింది. బి.యస్సీ. చదివే నాకు జవాబు దొరకలేదు. తర్వాత వెతికి తెలుసుకున్నదే ఈ వ్యాసం.

ఈ మందు త్వరత్వరగా విభజన చెందే కణాలను చంపుతుంది. అది క్యాన్సర్ కణమా, వెంట్రుక కుదుట్లోని కణమా అన్నది దానికి పట్టదు. కలుపు మందు పైరు మీద పడ్డట్టే. పైగా మొత్తం మోతాదు పెరిగేకొద్దీ గుండె కండరం దెబ్బతింటుంది.

ఒకప్పుడు అసలు మందు దొరకడమే గొప్ప. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం అమెరికాలో తయారుచేసిన అమినోప్టెరిన్‌ను 1947లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్త క్యాన్సర్‌కు వాడి, తాత్కాలికంగానైనా గుణం చూపించాడు. ఇప్పటి చిక్కు మందును చేర్చవలసిన చోటికి చేర్చడం.

మిల్లీమీటరులో పది లక్షలవ వంతు నానోమీటరు. సుమారు వంద నానోమీటర్ల కొవ్వు బుడగలో, అంటే లైపోజోములో, అదే ఎర్ర మందును నింపుతారు. మంచి రక్తనాళాల గోడలు చాలావరకు దాన్ని బయటికి పోనివ్వవు. గడ్డలో హడావిడిగా పెరిగిన నాళాలకు సందులెక్కువ, గండిపడ్డ కాలువ గట్టులాగా. బుడగలు అక్కడ కారి నిలుస్తాయి. జపానులో మత్సుమురా, మయేదా 1986లో దీన్ని వివరించారు. 1995లో అమెరికా 'డాక్సిల్' పేరుతో ఈ మందుకు అనుమతినిచ్చింది.

ఇంతవరకు చదివి నేను ఎగిరి గంతేశాను. తొందరపడ్డాను! పదేళ్ళ జంతు ప్రయోగాలను కలిపి 2016లో లెక్క తీస్తే, ఎక్కించిన నానో కణాలలో గడ్డకు చేరినవి మధ్యస్థంగా 0.7 శాతమే. చాలా భాగం కాలేయం, ప్లీహం పట్టేసుకుంటాయి. ముదిరిన రొమ్ము క్యాన్సర్ మీద 2004లో వెలువడిన పరిశీలనలో బుడగ మందు పాత మందుతో సమానంగా పనిచేసిందే గాని మించలేదు. గుండెకు హాని, జుట్టు రాలడం మాత్రం బాగా తగ్గాయి. కాని అరచేతులు, అరికాళ్ళు ఎర్రబడి తోలు ఊడే బాధ పెరిగింది.

ఇదంతా చిన్నమ్మకు చెప్పాను. చేతులు తిప్పి చూసుకుంది. "జుట్టు మళ్ళ మొలుస్తది. అరచేతులు పోతే నాట్లెట్ల వెయ్యాలె?"

మోతాదు తగ్గించినా, విడతల మధ్య ఎడం పెంచినా ఆ బాధ తగ్గుతుందని తర్వాత చదివాను. అప్పటికి ఆమె పాత మందుతోనే ఆఖరి విడత పూర్తిచేసుకుని ఊరెళ్ళిపోయింది.