తులిప్ పువ్వు పుట్టినిల్లు



గోడ క్యాలెండరులలో గాలిమరల ప్రక్కను వరుసలుగా పూచిన ఎర్రని, పసుపుపచ్చని గిన్నెలవంటి పువ్వులను మీరు చూచియుందురు. అవి తులిప్ పువ్వులు. వాటిని హాలెండు పువ్వులని అనుకొందుము గాని, వాటి పుట్టినిల్లు మధ్య ఆసియాలోని తియాన్‌షాన్, పామీరు కొండలు. మంచు కరుగగానే అక్కడ అవి నాటువారు లేకయే పూయును.

ఈ మొక్క ఉల్లివలె గడ్డనుండి మొలచును. ఆ గడ్డ సుమారు మూడు నెలలు చలిలో ఉండనిదే చక్కగా పూయదు. గనుక మన వేడి పొలములలో దానిని పాతి లాభము లేదు. కాశ్మీరులో శ్రీనగరునొద్దనున్న తోటలో మాత్రము ప్రతి వసంతమున విరగబూయుచున్నది.

తురుష్కులు దీనిని తోటలలో పెంచి 'లాలే' అని పిలిచిరి. తులిప్ అను పేరు తలపాగాను తెలుపు మాటనుండి వచ్చినది. 1559లో జర్మనీలోని ఆగ్స్‌బర్గులో గెస్నరు అను పండితుడు దీనిని చూచి వర్ణించెను. 1593లో క్లూసియసు అను వృక్షశాస్త్రజ్ఞుడు హాలెండులోని లైడెన్ విశ్వవిద్యాలయపు తోటకు వచ్చి గడ్డలు నాటించెను. దొంగలు వాటిని త్రవ్వుకొనిపోయిరి. వెల తెలిసిన దొంగలే!

తరువాత ఆ దేశస్థులకు ఈ గడ్డలపై పిచ్చి పట్టెను. ఇంకను భూమిలోనున్న గడ్డలనే కాగితముమీద కొని అమ్మిరి. కొన్నిటికి ఇంటి వెల పలికెను. 1637 ఫిబ్రవరిలో కొనువారు లేక బేరము కూలెను. వింత యేమనగా, అందరును కోరినది చారల పువ్వును. ఆ చారలు తెగులు వలన కలిగినవి! 1920లలో ఇంగ్లండులో డరతీ కేలీ అను శాస్త్రజ్ఞురాలు, తెగులుపట్టిన గడ్డ ముక్కను మంచి గడ్డకు అంటుకట్టి దీనిని రుజువు చేసెను. మన చేలలో కనబడు పేనుబంకయే దానిని మొక్కనుండి మొక్కకు మోయును. తెగులు పట్టిన గడ్డ యేటేట క్షీణించును. మంచి ధర పలికినదే ముందుగా నశించెనన్నమాట.

1944-45 చలికాలమున జర్మను సైన్యము ఆహారమును అడ్డగింపగా పశ్చిమ హాలెండులో కరవు వచ్చి, సుమారు 20,000 మంది చనిపోయిరి. యుద్ధము వలన నాటక నిలువయుండిన తులిప్ గడ్డలను అప్పుడు దుకాణములలో తిండికై అమ్మిరి. నడుమనున్న పసుపుపచ్చని మొలక హానికరమని దానిని తీసివేసి, మిగిలినదానిని ఉడికించియు, ఎండబెట్టి పిండిచేసియు తల్లులు పిల్లలకు పెట్టిరి.