తల్లిపాలు – డబ్బాపాలు

గత వేసవిలో ఆళ్లగడ్డ నుండి మూడు నెలల పసికందును నంద్యాలలోని నా వైద్యశాలకు తీసుకొని వచ్చారు. విరేచనాలతో కళ్లు లోతుకు పోయినవి. తల్లికి పాలు చాలవని అమ్మమ్మ డబ్బాపాలు మొదలుపెట్టినది. పొడి త్వరగా అయిపోవునని నీళ్లు ఎక్కువ కలిపినది. వెంటనే పిల్లల వైద్యుని వద్దకు పంపితిని. శిశువు కోలుకొన్నది.

స్తన్యము రసధాతువు నుండి పుట్టునని ఆయుర్వేదమతము. శిశువు ఎంత తరచుగా చీకిన అంతగా పాలు ఊరును. సీసా అలవాటైన కొలది చీకుట తగ్గి, పాలును తగ్గిపోవును.

ముర్రుపాలు పిండి పారబోయరాదు. పుట్టిన గంటలోపే పట్టవలెను. ఆరు నెలలు నిండువరకు తల్లిపాలే ఆహారము. మన నంద్యాల ఎండలలో సైతము వేరే నీరు అక్కరలేదు. తల్లిపాలలో అధిక భాగము నీరే. పిదప మెత్తని అన్నము, పప్పుతో పాటు రెండేళ్లు, ఆపైనను ఇవ్వవచ్చును.

నవజాత శిశువుకు తేనె నాకించుమని గురుకులములో నేర్చితిని. ఏడాదిలోపు తేనె ప్రమాదమని తెలిసిన పిదప ఆ మాట చెప్పుట మానితిని.

తల్లిపాలు నిజముగా లభింపనప్పుడు డబ్బాపాలు పట్టుట దోషము కాదు. వైద్యుని సలహాతో, డబ్బాపై చెప్పిన కొలత తప్పక, మరిగించిన నీటితో కలిపి, శుభ్రమైన గిన్నె, చెంచాతో పట్టవలెను. వీటి ప్రకటనలను 1992 నాటి చట్టము నిషేధించినది.

బాలింతకు "నీకు పాలు లేవు" అనకుడు. ఆమెకు విశ్రాంతి, కడుపునిండ భోజనము, మీ ధైర్యవచనము ఇండు.