దానధర్మము – దానోపాయము

మన శాస్త్రములలో దానశబ్దము రెండు చోట్ల రెండు విధములుగా వాడబడినది. గృహస్థునకు విధింపబడిన ధర్మములలో దానమొకటి. రాజునకు చెప్పబడిన సామ దాన భేద దండములను చతురుపాయములలో రెండవదియు దానమే. పేరు ఒక్కటియైనను ఈ రెండును ఒక్కటి కావు. ఈ భేదమెఱుగక, ఇంటి ధర్మమును రాజ్యమునుండి కోరువారును, రాజ్యతంత్రమును ఇంట నాచరించువారును లోకమున పెక్కుమంది కలరు.

తన వస్తువుపై తనకు గల స్వత్వమును విడిచి, దానియందు ఇతరునకు స్వత్వము కలిగించుట దానమని ధర్మశాస్త్రకారుల నిర్ణయము. కావున ఇచ్చునది తనదై యుండవలెననుట మొదటి నియమము. గీతాచార్యుడు పదునేడవ అధ్యాయమున దానమును మూడు విధములుగా విభజించెను. మారు చేయజాలనివానికి, దేశకాలపాత్రములెఱిగి, ఇవ్వవలసినదను బుద్ధితో ఇచ్చునది సాత్త్వికము. ప్రతిఫలమాశించి యిచ్చునది రాజసము. అవమానించి యిచ్చునది తామసము.

ఇక రాజనీతిని చూతము. కౌటిల్యుడు దీనినే ఉపప్రదానమని పేర్కొనెను. సరిహద్దు రాజు శత్రువు, అతని కావలివాడు మిత్రుడు అను మండలసిద్ధాంతమున, దానము సంధిని నిలుపుటకో శత్రుబలమును తగ్గించుటకో చేయబడును. ఫలాపేక్ష లేనిచో అది ఉపాయమే కాదు.

రాజు మాత్రము సాత్త్వికముగా ఈయరాదా యని ప్రశ్న. పూర్వమీమాంస ఆఱవ అధ్యాయము ఏడవ పాదమున దీనికి సమాధానము దొరకును. విశ్వజిద్యాగమున యజమానుడు సర్వస్వమును దక్షిణగా ఈయవలెను. సార్వభౌముడు యాగము చేసినచో భూమిని కూడ ఈయవలెనా? ఈయరాదని సిద్ధాంతము. భూమి అందరికిని సమానము. రాజు దానిని పాలించువాడే గాని స్వామి కాడు. ప్రజలు పన్నులుగా చెల్లించిన కోశమునకును ఈ న్యాయమే వర్తించును. కర్ణుడు కవచకుండలములను కోసి యిచ్చెను. అవి తన శరీరముతో పుట్టినవి గనుక లోకము కొనియాడినది. కోటగోడ రాళ్లను యాచకునకిచ్చు మంత్రిని ఎవ్వరు కొనియాడుదురు?

ఈ రెండు దానములును ఒకే కాలమున జరిగినట్లు మన ప్రాంతపు శాసనములే చెప్పుచున్నవి. పూర్వము కృష్ణాజిల్లాలో నుండి, 2022లో ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన నందిగామ, జగ్గయ్యపేట సీమ బహుప్రాచీనమైనది. జగ్గయ్యపేట చెంత ధనంబోడు అను గుట్టపై గల బౌద్ధస్తూపమును 1882లో బర్జెస్ దొర పరిశోధించెను. అచ్చటి ఆయక స్తంభములపై ప్రాకృతశాసనము కలదు. ఇక్ష్వాకురాజగు మాఠరీపుత్ర శ్రీవీరపురుషదత్తుని 20వ రాజ్యసంవత్సరమున, సిద్ధార్థుడను శిల్పి, తల్లిని, భార్యను, బిడ్డలను, సోదరుని కుటుంబమును కలుపుకొని, వెలగిరియందలి మహాచైత్యపు తూర్పు వాకిట ఐదు స్తంభములను నిలిపెను. ఫలముగా కోరినది సర్వప్రాణుల హితసుఖములు. ఏ రాజు ప్రజలని అతడు విభజింపలేదు.

అదే వీరపురుషదత్తుడు రాజుగా ఏమి చేసెను? శాతవాహనులకును పశ్చిమ క్షత్రపులకును తరతరాల వైరము. శాతవాహనుల పిదప ఆంధ్రదేశమేలిన ఇక్ష్వాకుల యింట ఉజ్జయిని రాజపుత్రిక రుద్రధర భట్టారిక మహాదేవియైనది. ఆమె క్షత్రపవంశజ యని చరిత్రకారుల అభిప్రాయము. రాజు తన కూతును వనవాసి రాజునకిచ్చెను. కన్యాదానమైనను ఇది సంధికి సాధనము. తప్పు కాదు, రాజధర్మమే. కాని ఆ రుద్రధర నాగార్జునకొండ మహాచైత్యమునకు ఒక శిలాస్తంభమును, 170 దీనార మాషకములను తన పేర సమర్పించినది. ఆమె రాక రాజనీతి. ఆమె ఈవి ధర్మము. ఆ రాజు కాలముననే బోధిశ్రీ యను ఉపాసిక తామ్రపర్ణి ద్వీపపు ఆచార్యుల కొఱకు అచ్చట చైత్యగృహము కట్టించెను. రాజులు ఎల్లలు చూచుకొనుచుండగా ఒక గృహిణి దానము సముద్రము దాటినది.

ఆధునిక కాలమునను ఈ భేదము మాఱలేదు. పరస్పరవైరము గల కూటములు మనకు పోటీపడి సాయము చేసినవి. 1955లో సోవియట్ ప్రభుత్వము భిలాయి ఉక్కు కర్మాగారమునకు ఒడంబడిక చేసికొనగా, దుర్గాపురమునకు బ్రిటన్, రూర్కెలాకు పశ్చిమ జర్మనీ తోడుపడినవి. 1965, 66 సంవత్సరముల అనావృష్టిలో అమెరికా గోధుమలు మన ఆకలి తీర్చిన మాట సత్యము. అయినను అధ్యక్షుడు జాన్సన్ మన వ్యవసాయవిధానమును, వియత్నాం యుద్ధముపై మన మాటను గమనించుచు వానిని కొద్దికొద్దిగా విడుదల చేయించెను. 2010లో పాకిస్తాన్ వరదలలో మునిగినపుడు మన ప్రభుత్వము మొదట 50 లక్షల డాలర్లు ప్రకటించి, పిదప 2 కోట్ల 50 లక్షలకు పెంచినది. ఆ దేశము కొంత తటపటాయించి, ఐక్యరాజ్యసమితి ద్వారా స్వీకరించెను. వైరిచేతి అన్నము ఆకలిగొన్నవానికి అన్నమే. ప్రభుత్వమునకు మాత్రము అది అభిమానప్రశ్న. ఇందు ఇచ్చినవారిని కపటులనుట తగదు, కర్ణులనుటయు తగదు. ప్రజారక్షణకు లోపము రాకుండ, ఆర్తులను అవమానింపకుండ ఇచ్చిరా యనునదే రాజ్యమునకు తగిన పరీక్ష.

గృహస్థునకు పరీక్ష ఇంతకంటె కఠినము. ఊరిలో రెండు కుటుంబములు వైరము పూని, ఒకరు నూరుమందికి అన్నము పెట్టిరని మఱియొకరు ఇన్నూరుమందికి పెట్టినచో, ఆకలి తీరును గాని అది ఉపప్రదానమే. తమ పక్షమువారికే విస్తరి వేసినచో అది భేదోపాయము. శిలాఫలకమున ఎవరి పేరు పైన నుండవలెనని వాదులాడినచో మండలసిద్ధాంతము దేవాలయములో ప్రవేశించినదని తెలియవలెను. సిద్ధార్థుని పేరును రాతిపై నున్నది. పేరు చెక్కించుట దోషము కాదు. పేరు కొఱకే ఇచ్చుట దోషము.

రాజ్యము ఫలము నెంచకుండ ఈయజాలదు, ఈయరాదు. మనకట్టి నిర్బంధము లేదు. మనది మనము, ఎవరికైనను, మారు కోరక ఈయవచ్చును. సామాన్యునకు గల ఈ స్వాతంత్ర్యము చక్రవర్తికి లేదు. దానిని ఉపాయముగా దిగజార్చుకొనక, ధర్మముగా నిలుపుకొనుట మన కర్తవ్యము.