పాలారు చెలమలు

కర్ణాటకములోని నందికొండలలో పుట్టి, కుప్పము సీమ మీదుగా మన వేలూరు చేరు పాలారునందు ఏడాదిలో పెక్కునెలలు ఇసుకయే కానవచ్చును. గుడియాత్తము కౌండిన్యానది దీని ఉపనదియే. పూర్వము నీరు ఆ ఇసుక క్రిందనే యుండెడిది. తెల్లవారకమునుపే స్త్రీలు చెలమలు త్రవ్వి, ఊరిన తేటనీటిని కడవల నింపుకొనెడివారు. రైతులు ఊటకాలువలు తీసి పొలములకు నీరు పారించెడివారు.

తోళ్ళ కర్మాగారముల మురుగు ఆ నీటిని చెరచెను. 1996లో సుప్రీంకోర్టు దీనిపై తీర్పు నిచ్చెను. ఇసుక తవ్వకముచే ఊటలును తగ్గెను. చెలమతోపాటు ఆ మాటయు మరుగగుచున్నది. తరగతిలో మేమడిగినచో పిల్లలు తెల్లబోవుచున్నారు.

తల్లిదండ్రులారా! ఒక ఆదివారము బిడ్డలను ఏటి యొడ్డునకు తోడ్కొనిపోయి, అవ్వాతాతలచేత నాటి సంగతులు తెలుగున చెప్పింపుడు. మాటను మేము వ్రాయింతుము. తావును మీరు చూపుడు.